బోరు నీళ్లకు పెట్రోలు పరీక్ష ఎవరు చేయాలి?

కిందటి వేసవిలో మన సభ్యుడొకరు సంఘం ఆఫీసుకు కూల్‌డ్రింకు సీసాలో బోరు నీళ్లు పట్టుకొచ్చాడు. మూత తీసి వాసన చూడమన్నాడు. ఇద్దరు కిరోసిన్ అన్నారు, ఒకరు పెట్రోలు అన్నారు, జలుబుతో ఉన్న ఇంకొకాయనకు ఏ వాసనా తెలియలేదు. సీసా తెచ్చిన రైతు ఔటర్ రింగు రోడ్డుకు ఆవల ఎకరన్నరలో ఆకుకూరలు, అరెకరంలో బంతి వేసుకొని బతుకుతున్నాడు. పొద్దున్నే మోటరు వేస్తే మొదటి పది నిమిషాలు నీళ్ల మీద రంగురంగుల పొర తేలుతుందనీ, తర్వాత పోతుందనీ, కూలికి వచ్చేవాళ్లు ఆ నీళ్లు తాగడం మానేసి ఇంటి నుంచే సీసాలు తెచ్చుకుంటున్నారనీ చెప్పాడు.

ఆ నీళ్లను మేము పరీక్షకు పంపాం. వారం తర్వాత కాగితం వచ్చింది. పీహెచ్ బాగుంది. కరిగిన లవణాలు, కాఠిన్యం, క్లోరైడు, నైట్రేటు, ఫ్లోరైడు అన్నీ హద్దుల్లోనే ఉన్నాయి. సాగుకు పనికొస్తాయని కింద రాసి ఉంది. ఆ రైతు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "మరి వాసన ఏ గడిలో రాసిండ్రు?" అని అడిగాడు. మా దగ్గర జవాబు లేదు.

ఆ చేనుకు కొంత దూరంలో ఒక పెట్రోలు బంకు ఉంది. ఇంకోవైపు జనరేటర్లకు డీజిల్ నిల్వ పెట్టుకునే పెద్ద ఆఫీసు ప్రాంగణం ఉంది. రోడ్డు పక్కన లారీల మెకానిక్ షెడ్డు కూడా ఉంది. వీటిలో ఫలానా చోటు నుంచే వచ్చిందని మేము అనడం లేదు. అనడానికి ఆధారం లేదు. ఆధారం ఇవ్వగల పరీక్ష ఎవరూ చేయరు, చేయించుకుందామంటే ఎక్కడికి పోవాలో రైతుకు ఎవరూ చెప్పరు. ఈ నెల సంపాదకీయం ఈ విషయం మీదే.

1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాడు మాదాపూర్ చుట్టూ రాతి గుట్టలు, కుంటలు, వాటి కింద పొలాలు ఉండేవి. అక్కడి దుర్గం చెరువు ఒకప్పుడు గోల్కొండ కోటకు తాగునీరు ఇచ్చిన చెరువు. ఇవాళ ఆ నడవా కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట దాటి శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు పాకుతోంది. డేటా సెంటర్ల పేరుతో షాబాద్ మండలం చందన్‌వెల్లి, కొత్తూరు వైపు మేకగూడ దాకా పోయింది. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం 100 కోట్ల 75 లక్షలకు వేలంలో పోయినప్పుడు పత్రికలన్నీ మొదటి పేజీలో రాశాయి. ఆ ఎకరం కింద ఉన్న నీటి గురించి ఎవరూ ఒక్క వాక్యం రాయలేదు.

ఇన్ని కార్లకు, ఇన్ని క్యాబులకు, ఇన్ని నీళ్ల ట్యాంకర్లకు పెట్రోలు, డీజిల్ కావాలి. కరెంటు ఒక్క నిమిషం పోయినా ఒప్పుకోని మేడలకు డీజిల్ జనరేటర్లు కావాలి. నిప్పు భయంతో ఈ నూనెను నేల మీద కాక నేల లోపల దాస్తారు. అందులో తప్పు లేదు, అది భద్రతా సూత్రమే. కానీ నేల మీద ఉన్న పీపా కారితే కంటికి కనబడుతుంది. నేలలోని ట్యాంకు కారితే దాని పైన సిమెంటు, టైల్సు, పూలకుండీలు ఉంటాయి. ఇనుప ట్యాంకుకు తుప్పు పడుతుంది. ట్యాంకు బాగున్నా దాని నుంచి పంపు దాకా పోయే పైపుల అతుకుల దగ్గర కారొచ్చు. లారీ నుంచి నింపేటప్పుడు పొంగొచ్చు.

చిన్న లీకే కదా అనుకునేవాళ్ల కోసం కొంచెం లెక్క వేద్దాం. సెకనుకు ఒక్క చుక్క కారితే రోజుకు నాలుగు లీటర్లు దాటుతుంది, ఏడాదికి 1,500 లీటర్లు దాటుతుంది. వేల లీటర్లు అమ్ముడయ్యే బంకులో రోజుకు నాలుగు లీటర్ల తేడా ఆవిరైందనో, కొలత తేడా అనో పద్దులో కలిసిపోతుంది. ఇప్పుడు అమ్మే బీఎస్-6 పెట్రోలులో బెంజీన్ నూటికి ఒక వంతు వరకు ఉండొచ్చు. అంటే లీటరు పెట్రోలులో 10 మిల్లీలీటర్లు, బరువులో దాదాపు 9 గ్రాములు. తాగే నీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములకు మించి బెంజీన్ ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే, ఒక్క లీటరు పెట్రోలులోని బెంజీన్ ఎనిమిది లక్షల లీటర్లకు పైగా నీటిని ఆ హద్దు దాటించడానికి చాలు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు 160కి పైగా అవుతాయి. కారిన పెట్రోలు అంతా నీటిలో కలవదు, కొంత మట్టిలో ఆగుతుంది, కొంత ఆవిరవుతుంది, కొంత సూక్ష్మజీవులు తినేస్తాయి. అందులో సగం, పావు వంతు కలిసినా లెక్క చిన్నది కాదు. బెంజీన్ రక్త క్యాన్సర్ తెచ్చే పదార్థమని తేలిపోయి చాలా కాలమైంది.

మన నేల స్వభావం దీన్ని ఇంకా చిక్కు చేస్తుంది. హైదరాబాద్ చుట్టూ ఉన్నది నల్లరాయి, గులాబీ రాయి, అంటే గ్రానైటు. పైన మట్టి, దాని కింద మొరం, ఆ కింద పగుళ్లున్న రాయి. ఇసుక నేలలో నీరు ఒక దిక్కుకు నెమ్మదిగా జరుగుతుంది, కాలుష్యం ఎటు పోతుందో కొంతవరకు ఊహించవచ్చు. రాతి నేలలో నీరు పగులు వెంట పోతుంది. బోరు వేసిన ప్రతి రైతుకూ ఇది తెలుసు. పది గజాల దూరంలో ఒక బోరు పొంగుతుంది, పక్కది పొగ లేపుతుంది. ట్యాంకు పక్కనున్న బోరుకు ఏమీ కాకుండా నాలుగు చేలవతల బోరులో వాసన రావడం అందుకే సాధ్యం. పెట్రోలు నీటి కంటే తేలిక, నీటి మట్టం మీద తేలుతుంది. ఎండాకాలం మట్టం దిగినప్పుడు దానితో పాటు కిందికి దిగి పగుళ్లకు పూసుకుంటుంది, వానాకాలం మట్టం లేచినప్పుడు మళ్లీ కొంత నీటిలోకి వస్తుంది. ఒకసారి వాసన వచ్చి ఆగిపోతే పీడ పోయిందనుకోవద్దు.

ఇక్కడ మనకే కొంచెం ఇబ్బందైన మాట ఒకటి చెప్పాలి. పెట్రోలులో ఇప్పుడు 20 శాతం వరకు ఇథనాల్ కలుపుతున్నారు. చెరకు, మక్క, నూకలకు గిరాకీ పెరుగుతుందని మనమూ దాన్ని కోరుకున్నాం. కానీ నేలలోకి కారినప్పుడు సూక్ష్మజీవులు ముందు ఇథనాల్‌నే తింటాయి, ఆ పనిలో నీటిలోని ప్రాణవాయువును ఖర్చు చేసేస్తాయి. బెంజీన్‌ను తినే వంతు వచ్చేసరికి ఆలస్యమవుతుంది, అది మరింత దూరం పోతుంది. ఇథనాల్ వద్దని మేము అనడం లేదు. పంట అమ్ముకున్నవాళ్లం కాబట్టి ట్యాంకుల గురించి అడిగే హక్కు మనకు తగ్గదు, ఇంకా పెరుగుతుంది.

ఇక చూసేవాళ్లు ఎవరు? పెట్రోలు నిల్వకు 1934 నాటి పెట్రోలియం చట్టం, 2002 నాటి నియమాలు ఉన్నాయి. లైసెన్సు ఇచ్చేది నాగ్‌పూర్ కేంద్రంగా ఉన్న పెసో, పాత పేరు పేలుడు పదార్థాల శాఖ. పేరుకు తగ్గట్టే దాని కళ్లన్నీ నిప్పు మీద ఉంటాయి. డీజిల్ అయితే 2,500 లీటర్ల లోపు, ఒక్కో పాత్ర వెయ్యి లీటర్లకు మించకుండా ఉంటే ఆ లైసెన్సు కూడా అక్కర్లేదు. తూనికలు కొలతల శాఖ లీటరుకు లీటరు వస్తుందా లేదా చూస్తుంది. రాష్ట్ర భూగర్భ జల శాఖ నెల నెలా నీటి మట్టం ఎంత దిగిందో, ఎంత లేచిందో కొలుస్తుంది, అది మంచి పని, కానీ దాని పరీక్షల్లో మనకు సాధారణంగా కనబడేవి లవణాలు, నైట్రేటు, ఫ్లోరైడు. సాగునీటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టుకున్న 'ఇ' తరగతిలో ఉన్నవి పీహెచ్, విద్యుత్ వాహకత, సోడియం నిష్పత్తి, బోరాన్, ఈ నాలుగే. నూనె లేదు, బెంజీన్ లేదు. మన సభ్యుడి కాగితం మీద వాసనకు గడి లేకపోవడం ప్రయోగశాల తప్పు కాదు. గడి గీయాల్సినవాళ్లు గీయలేదు.

కేంద్ర మండలి 2020 జనవరిలో పెట్రోలు బంకులకు మార్గదర్శకాలు విడుదల చేసింది. హరిత ట్రిబ్యునల్ ఒత్తిడి మీద వచ్చినవి అవి. బడులకు, పది పడకలు అంతకు మించి ఉన్న ఆసుపత్రులకు, నివాస ప్రాంతాలుగా గుర్తించిన చోట్లకు 50 మీటర్ల లోపు బంకు పెట్టరాదు, తప్పనిసరి పరిస్థితిలో అదనపు జాగ్రత్తలతో పెట్టినా 30 మీటర్లకు తగ్గరాదు అని అందులో ఉంది. నేలను, నీటిని కాపాడే జాగ్రత్తల గురించి కూడా ఉంది. మంచిదే. కానీ ఆ దూరాల వాక్యంలో రైతు బోరు లేదు, బావి లేదు. పైగా వాటి పేరులోనే 'కొత్త' బంకులు అని ఉంది. ఇరవై ఏళ్ల కిందట పాతిన ఇనుప ట్యాంకులే ముందు కారతాయని చెప్పడానికి శాస్త్రవేత్త అవసరం లేదు.

కారినా చట్టం లేదని ఎవరైనా అంటే నమ్మకండి. 1974 నీటి కాలుష్య చట్టం 'ప్రవాహం' అన్న మాటలో భూగర్భ జలాలను కూడా చేర్చింది. 2002లో వచ్చిన వాల్టా చట్టం భూగర్భ జలాన్ని కలుషితం చేయడాన్ని నిషేధించింది. బోరు వేసుకునే రైతుకు వాల్టా పేరు బాగా తెలుసు, రిగ్గు పట్టుకున్నప్పుడు వినబడే పేరు అదే. అదే చట్టాన్ని ట్యాంకు యజమాని దగ్గర ఎవరైనా ఎత్తగా మేము వినలేదు.

చట్టం ఉంటే సరిపోదని మనకు నేర్పిన ఊళ్లు హైటెక్ సిటీకి ఎంతో దూరంలో లేవు. ముంబై రోడ్డు మీద పోతే పటాన్‌చెరు, ఆ పక్కన బొల్లారం, కాజిపల్లి, నక్కవాగు. అక్కడ కారింది పెట్రోలు కాదు, మందుల ఫ్యాక్టరీల, రసాయన ఫ్యాక్టరీల వ్యర్థ జలాలు. 1970లలో పారిశ్రామికవాడ వచ్చింది. కొన్నేళ్లకే వాగులు, చెరువులు, వాటి వెనుక బావులు చెడ్డాయి. డాక్టర్ అల్లాని కిషన్‌రావు లాంటివాళ్లు రైతులతో కలిసి నిలబడ్డారు. 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. పంట నష్టపోయిన రైతులకు పరిహారం ఇవ్వమనీ, ఊళ్లకు మంచినీళ్లు ఇవ్వమనీ ఆదేశాలు వచ్చాయి. కేసు అక్కడి నుంచి హైకోర్టుకు, హైకోర్టు నుంచి హరిత ట్రిబ్యునల్‌కు చేరి 2017లో తీర్పు వచ్చింది. 27 ఏళ్లు. వ్యాజ్యం నాటికి ఇరవై ఏళ్లున్న రైతు తీర్పు నాటికి యాభైకి దగ్గరపడ్డాడు. మధ్యలో 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని ప్రకటించారు. ఆ తర్వాతి పరిశీలనలో చుట్టుపక్కల ఊళ్ల బావుల్లో కూడా మందుల ఆనవాళ్లు బయటపడ్డాయి. శుద్ధి కేంద్రం నుంచి వచ్చిన నీటిలో ఏముందో చెప్పడానికి వేల మైళ్ల అవతలి నుంచి మనుషులు రావలసి వచ్చిందంటే, మన పరీక్షల కాగితంలో ఆ గడి కూడా లేదన్నమాటే కదా.

నూనె విషయంలో దగ్గరి ఉదాహరణ చెన్నైలోని తండయార్‌పేట. 2013లో అక్కడి ఇళ్ల బోర్లలో నీళ్లకు బదులు ఇంధనం వాసన వేసే ద్రవం వచ్చింది. అగ్గిపుల్ల గీస్తే అంటుకుంది. రేవు నుంచి నిల్వ కేంద్రానికి పోయే ఒక చమురు సంస్థ భూగర్భ పైపులైను కారుతోందని తేలింది. విషయం హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనానికి వెళ్లింది. కారుతున్న పైపును ఆపిన తర్వాత కూడా నేలను, నీటిని శుద్ధి చేసే పని ఏళ్ల తరబడి సాగింది. అది పట్నం నడిబొడ్డు, వందల ఇళ్లు, పత్రికలు, టీవీలు ఉన్న చోటు. నాలుగు చేల మధ్యనున్న ఒక బోరుకు అదే జరిగితే ఎంతమంది కెమెరాలు పట్టుకొని వస్తారు?

ఇక మన పాలకులు ఎప్పుడూ చూపించే సిలికాన్ వ్యాలీ సంగతి. కాలిఫోర్నియాలోని ఆ శాంటా క్లారా లోయ అంతకుముందు ఆల్‌బుకారా, ఆప్రికాట్ తోటల సీమ. మన హైదరాబాద్ శివార్లలో ద్రాక్ష తోటలు పోయినట్టే అక్కడా తోటలు పోయి చిప్పుల ఫ్యాక్టరీలు వచ్చాయి. పొగ గొట్టాలు లేవు కాబట్టి అది శుభ్రమైన పరిశ్రమ అని అందరూ నమ్మారు. 1981 చివర్లో శాన్‌హోజేలో ఒక చిప్పుల ఫ్యాక్టరీ భూగర్భ ట్యాంకు నుంచి కారిన ద్రావకం దగ్గర్లోని తాగునీటి బావిలో తేలింది. వెతికిన కొద్దీ మరిన్ని ట్యాంకులు కారుతున్నట్టు బయటపడింది. ఆ జిల్లాలో కేంద్ర ప్రభుత్వం శుద్ధి జాబితాలో చేర్చిన స్థలాలు 23. అమెరికాలో ఏ జిల్లాలోనూ అన్ని లేవు. జనం ఊరుకోలేదు. 1983లో కాలిఫోర్నియా భూగర్భ ట్యాంకులకు చట్టం చేసింది, 1984లో దేశమంతటికీ చట్టం వచ్చింది. ట్యాంకు ఉన్నవాడు దాన్ని నమోదు చేయాలి, లీకు కనిపెట్టే ఏర్పాటు పెట్టాలి, కారితే చెప్పాలి, శుభ్రం చేయాలి. 1986లో అమ్మే ఇంధనం మీద గ్యాలనుకు సెంటులో పదో వంతు పన్ను వేసి శుద్ధికి నిధి పెట్టారు. తుప్పు రక్షణ లేని పాత ఇనుప ట్యాంకులకు 1998 దాకా గడువిచ్చి మార్పించారు. అప్పటి నుంచి ఆ దేశంలో బయటపడిన ట్యాంకు లీకులు ఐదు లక్షలు దాటాయి. వాళ్ల ట్యాంకులు మన వాటికన్నా నాసిరకమని ఈ అంకెకు అర్థం కాదు. వాళ్లు వెతికారు, దొరికాయి. మనం సిలికాన్ వ్యాలీ నుంచి అద్దాల మేడల నమూనా తెచ్చుకున్నాం, ఆ లోయ తన నీళ్లు పోగొట్టుకొని రాసుకున్న చట్టాన్ని తెచ్చుకోలేదు.

శుద్ధి గురించి కూడా కొంచెం తెలుసుకుందాం, ఎందుకంటే రేపు ఎవరైనా వచ్చి రెండు డబ్బాల మందు చల్లి బాగైపోయిందంటే నమ్మకూడదు. ముందు కారే చోటు ఆగాలి. ట్యాంకు చుట్టూ నూనె పట్టిన మట్టిని తీసి వేరే చోట శుద్ధి చేయాలి. నీటి మీద తేలే నూనెను పంపుతో తోడాలి. మొరంలో చిక్కుకున్న ఆవిరిని గాలి గుంజే యంత్రాలతో బయటికి లాగి బొగ్గు వడపోత మీదుగా పంపాలి. నీటిలో కరిగినదాన్ని నీటిని పైకి తోడి శుభ్రం చేయాలి, లేదా నేలలోకి గాలి పంపి, సూక్ష్మజీవులకు బలమిచ్చి వాటి చేత తినిపించాలి. నూనెను తినే సూక్ష్మజీవుల మిశ్రమాలు మన దేశంలోనే తయారవుతున్నాయి, 'ఆయిల్‌జాపర్' పేరుతో టెరి సంస్థ చేసింది ఒకటి. రాతి పగుళ్లలో ఈ పనులన్నీ ఇసుక నేలలో కంటే కష్టం, ఖర్చు కూడా ఎక్కువ. ఏ పద్ధతి వాడినా బాగైందో లేదో చెప్పేది పరిశీలన బోర్లే. ట్యాంకుకు ఎగువన ఒకటి, దిగువన కనీసం రెండు ఉంటే తప్ప నీరు ఎటు పోతోందో, కాలుష్యం ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చలేం. లీకు అయ్యాక తవ్వే బదులు ట్యాంకు పాతే రోజే ఆ మూడు బోర్లు వేస్తే, ట్యాంకు ఖర్చు ముందు అదెంత?

కాబట్టి మన సంఘం అడిగేది ఇది. ఔటర్ రింగు రోడ్డు లోపలా బయటా నేలలో ఉన్న ప్రతి ఇంధన ట్యాంకును, బంకుదైనా, ఐటీ ప్రాంగణందైనా, డేటా సెంటర్‌దైనా, పాతిన సంవత్సరంతో సహా ఒకే జాబితాలో రాసి ఆయా గ్రామ పంచాయతీ, మున్సిపాలిటీ బోర్డు మీద పెట్టాలి. ప్రతి ట్యాంకు దగ్గర పరిశీలన బోర్లు ఉండాలి. వానకు ముందు ఒకసారి, వాన తర్వాత ఒకసారి బెంజీన్, దాని తోబుట్టువులైన టొల్యూన్, ఇథైల్ బెంజీన్, జైలీన్ పరీక్షలు జరిగి ఆ ఫలితాలూ అదే బోర్డు మీదికి రావాలి. ఖర్చు నూనె అమ్మేవాడిది, నిల్వ పెట్టుకున్నవాడిది. అమెరికా తరహాలో లీటరుకు ఒక్క పైసా నిధి పెట్టమని మాలో కొందరు అన్నారు. దాన్ని తిప్పి తిప్పి చివరికి మన ట్రాక్టరు డీజిల్ మీదే వేస్తారని మిగతావాళ్లు అన్నారు. ఈ భయం ఉత్తది కాదు కనుక, నిధి కంపెనీల లాభంలోంచి రావాలి తప్ప పంపు ధరలోంచి కాదని రాసుకున్నాం.

దారి పూర్తిగా మూసుకుపోలేదు. 2025 జూలైలో కేంద్ర పర్యావరణ శాఖ కలుషిత స్థలాల నిర్వహణ నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి అనుమానిత స్థలాల జాబితాను రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి పంపాలి, మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన చేయాలి, బాధ్యుడని తేలినవాడు శుద్ధి ఖర్చు భరించాలి. జిల్లా జాబితాలోకి ఒక చేను ఎక్కాలంటే ఎవరో ఒకరు కలెక్టరు చేతికి కాగితం ఇవ్వాలి. రంగారెడ్డి, సంగారెడ్డి, మేడ్చల్ జిల్లాల మన కమిటీలు ఆ ఎవరో ఒకరు కావాలి. పరిహారం కోసం హరిత ట్రిబ్యునల్‌కు నష్టం మొదలైన ఐదేళ్ల లోపు వెళ్లవచ్చు, అక్కడ నిర్లక్ష్యాన్ని మనం రుజువు చేయాల్సిన పని కూడా లేదు. కానీ నష్టం ఎప్పుడు మొదలైందో చెప్పడానికి తేదీ వేసిన కాగితం కావాలి. వాసన వచ్చిన రోజే ఫిర్యాదు రాసి, రసీదు తీసుకొని దాచుకోండి.

రోడ్డు పక్క చేలున్న సభ్యులకు ప్రత్యేకంగా ఒక మాట. బంకుకు భూమి లీజుకిస్తే నెల నెలా అద్దె వస్తుంది, వ్యవసాయం గిట్టని రోజుల్లో దాన్ని కాదనమని మేము చెప్పలేం. సంతకం పెట్టే ముందు దస్తావేజులో నాలుగు మాటలు రాయించుకోండి. ట్యాంకు పాతక ముందు మట్టికీ నీటికీ పరీక్ష చేయించి ఫలితం మీకివ్వాలి. ట్యాంకు పరీక్షల పత్రాల నకళ్లు ఎప్పటికప్పుడు మీకందాలి. లీజు ముగిసిన రోజు ట్యాంకు తీసి, గుంతలో మట్టి పరీక్షించి, శుభ్రమని తేలాకే భూమి అప్పగించాలి. ఏ కాలుష్యానికైనా బాధ్యత లీజుదారుడిదే. ఈ నాలుగూ లేకపోతే ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత మీ పిల్లలకు తిరిగొచ్చేది చేను కాదు, తుప్పు ట్యాంకు.

ట్యాంకర్లకు నీళ్లు అమ్మే సభ్యులు కూడా ఈ సంగతి పట్టించుకోవాలి. ఆ నడవా తాగేదీ, కడుక్కునేదీ చాలావరకు శివారు బోర్ల నీళ్లే. ఒకరోజు ఏ అపార్టుమెంటులోనో నీళ్లు పెట్రోలు వాసన వేస్తే, ట్యాంకు ఎక్కడ కారిందని ఎవరూ అడగరు. ఏ రైతు బోరు నుంచి వచ్చిందని అడుగుతారు.

ఆ రైతు నీళ్ల విషయంలో మేము చేసిన తప్పు కూడా ఒప్పుకోవాలి. ప్లాస్టిక్ సీసాలో, సగం నిండిన నీళ్లను, ఎండలో మోటరు సైకిలు మీద తెచ్చి పంపాం. బెంజీన్ ఉన్నా దారిలోనే ఆవిరైపోయి ఉంటుంది. ఈ పరీక్షకు గాజు సీసా కావాలి. లోపల గాలి బుడగ లేకుండా నిండా పట్టి, బిగించి, ఐసు డబ్బాలో పెట్టి, ఆలస్యం లేకుండా ప్రయోగశాలకు చేర్చాలి. బెంజీన్ పరీక్ష కావాలని అర్జీలో రాసివ్వాలి, లేకపోతే మళ్లీ పాత గడులే నింపుతారు. వాసన వచ్చే బోరు దగ్గర బీడీ వెలిగించవద్దు. పాత బావి అయితే, పొర చూద్దామనో మోటరు తీద్దామనో లోపలికి దిగవద్దు, అడుగున నిలిచిన ఆవిరి మనిషిని కేక వేయనివ్వదు. ఆ నీళ్లను తాగడానికి, వంటకు, పశువులకు వాడవద్దు.

ఈ నెల నుంచి ఔటర్ రింగు రోడ్డు చుట్టుపక్కల మండలాల కమిటీలు తమ పరిధిలో బంకులకు, డీజిల్ ట్యాంకులకు దగ్గరగా ఉన్న సభ్యుల బోర్ల వివరాలు రాయాలి. బోరు లోతు, వేసిన సంవత్సరం, దగ్గరి ట్యాంకు ఎన్ని అడుగుల దూరం, ఎప్పుడైనా వాసన వచ్చిందా అన్నవి ఉంటే చాలు. ప్రభుత్వ రంగ చమురు సంస్థలను, పెసోను, కాలుష్య మండలిని పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తుతో ట్యాంకుల వయసు, చివరి పరీక్ష తేదీ అడగండి. దరఖాస్తు నమూనా ఆఫీసులో ఉంది. గాజు సీసాలు తెప్పించాం. మొదటి సీసా నీళ్లు ఆ బంతితోట రైతు బోరు నుంచే తీస్తాం, ఈసారి పొద్దున్నే, మోటరు వేసిన మొదటి పది నిమిషాల్లో.